ల్యాప్‌టాప్ కాలిపోయింది, లెక్కలు ఎస్‌ఎస్‌డీలో ఉన్నాయి

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. రొయ్యల మేత అరువుకు సరఫరా చేస్తాను. విడవలూరు వైపు చెరువులు లీజుకు చేసే ఒకాయన నాకు రూ.6,40,000 బాకీ. ప్రతి శనివారం ల్యాప్‌టాప్‌లోని ఖాతాలన్నీ చిన్న ఎస్‌ఎస్‌డీలోకి (విడిగా తగిలించే స్టోరేజీ డ్రైవ్) కాపీ చేసుకునేవాణ్ని. పోయిన నెల ఓల్టేజీ హెచ్చుతగ్గులకు ల్యాప్‌టాప్ బోర్డు కాలిపోయింది. అది తెలిసి ఆయన 'నీ దగ్గర లెక్కలే లేవు కదా' అంటున్నాడు. ఎస్‌ఎస్‌డీలోని కాపీ కోర్టులో చెల్లుతుందా? పాత ల్యాప్‌టాప్‌ను ఎక్స్ఛేంజీకి ఇచ్చేయొచ్చా?

జవాబు: టెన్షన్ పడకండి, చెల్లుతుంది. ల్యాప్‌టాప్‌ను మాత్రం ఎవరికీ ఇవ్వొద్దు. బోర్డు కాలినంత మాత్రాన లోపలి స్టోరేజీ పోయినట్టు కాదు, అది బాగుంటే అసలు రికార్డే మీ చేతిలో ఉన్నట్టు. రిపేరు షాపులో చూపించి, ఏ భాగం పోయిందో బిల్లు మీద రాయించుకోండి. అసలు పరికరం కోర్టుకు ఎందుకు తేలేదని అడిగితే ఆ కాగితమే మీ సమాధానం.

2024 జూలై 1 నుంచి పాత సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమం అమల్లో ఉంది. ఒక రికార్డు ఒకదాని తర్వాత ఒకటిగా పలు ఫైళ్లలో నిల్వ అయితే ప్రతి ఫైలూ ప్రాథమిక సాక్ష్యమేనని, అంటే అసలుతో సమానమని, 57వ సెక్షన్ వివరణ చెబుతోంది. మీ శనివారం కాపీలకు ఇది బలమే. కానీ ఈ వాదన ఒక్కదాని మీదే నిలబడొద్దని నా సలహా. 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కూడా దాఖలు చేయండి. ఎలక్ట్రానిక్ కాపీకి సర్టిఫికెట్ తప్పనిసరి అని పాత చట్టం కిందే 2020లో సుప్రీంకోర్టు అర్జున్ పండిత్‌రావు ఖోట్కర్ కేసులో తేల్చింది. కొత్త చట్టంలో ఆ సర్టిఫికెట్‌కు రెండు భాగాలున్నాయి. మొదటిది పరికరం బాధ్యత చూసిన మనిషి, అంటే మీరు, సంతకం చేసేది. రెండోది కంప్యూటరు నిపుణుడిది. పరికరం కంపెనీ, మోడల్, సీరియల్ నంబరుతో పాటు ఫైలు హ్యాష్ విలువ, అంటే ఫైలులోని డేటా నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి కోడ్, కూడా అందులో రాయాలి. ఫైలులో ఒక్క అంకె మారినా హ్యాష్ మారిపోతుంది. అందుకే కాపీని దిద్దారని అవతలి లాయరు అంటే మీకు అదే అండ.

కాబట్టి ఈ రోజు నుంచి ఆ ఎస్‌ఎస్‌డీని ముట్టుకోకండి. కొత్త ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే బ్యాకప్ సాఫ్ట్‌వేర్ దానంతటదే నడిచి పాత కాపీల మీద కొత్తవి రాసేయొచ్చు. హార్డ్‌డిస్క్‌లో చెరిగిన ఫైలు ఒక్కోసారి తిరిగి వస్తుంది. ఎస్‌ఎస్‌డీలో చెరిపేసిన చోటును డ్రైవ్ తానే ఖాళీ చేసుకుంటుంది కాబట్టి ఆ ఆశ చాలా తక్కువ. రోజువారీ బ్యాకప్‌కు వేరేది కొనుక్కోండి. దీన్ని కవరులో సీలు చేసి, తేదీ వేసి, ఎండ తగలని చోట పెట్టండి. కారులో వదిలేయకండి. అలాగని బీరువాలో ఏళ్ల తరబడి ఉంచడమూ మంచిది కాదు, కరెంటు అందని ఎస్‌ఎస్‌డీలో డేటా కాలం గడిచేకొద్దీ చెడిపోవచ్చు. త్వరగా నిపుణుడి దగ్గరికి తీసుకెళ్లి, దాని మీద ఏమీ రాయకుండా కాపీ, హ్యాష్ తీయించండి.

మీరు అడగని విషయం ఒకటుంది, నాకు అదే ఎక్కువ ముఖ్యంగా కనిపిస్తోంది. ఖాతా పుస్తకం, అది కంప్యూటరులో ఉన్నా సరే, ఒక్కటే చూపించి ఎవరి మీదా బాకీ మోపలేమని 28వ సెక్షన్ చెబుతోంది. అంటే ఎస్‌ఎస్‌డీ ఎంత భద్రంగా ఉన్నా అది ఒక్కటే చాలదు. మేత దింపినప్పుడు ఆయన మనుషులు సంతకం చేసిన చలానాలు, లారీ కిరాయి రసీదులు, బ్యాంకులో పడిన పాత చెల్లింపులు, వాట్సాప్‌లో 'పది టన్నులు పంపు' అన్న మెసేజీలు వెతకండి. ఆ ఫోనునూ మార్చకండి.

గడువు చూసుకోండి. అరువుకు ఇన్నాళ్లని పెట్టుకోకపోతే సరుకు అందిన రోజు నుంచి, పెట్టుకుంటే అది ముగిసిన రోజు నుంచి 3 ఏళ్లలోపు దావా వేయాలి. ముందు లాయరు నోటీసు ఇవ్వండి. తెగులు వచ్చి ఆయన పంట నిజంగానే పోయి ఉంటే కోర్టు కన్నా వాయిదాల ఒప్పందమే ఇద్దరికీ మేలు. గడువు తీరకముందే 'ఇంత బాకీ ఉన్నాను' అని ఆయన రాసి సంతకం పెడితే, ఆ తేదీ నుంచి మీకు మళ్లీ 3 ఏళ్లు దొరుకుతాయి.