సమాధానం: మధ్యలో షాట్ పెడితే వెనకాల క్లిప్పులు చెదిరిపోతున్నాయి

తమ్మీ, వేయిస్తంభాల గుడి దగ్గర తీసిన ఎంగిలిపూల బతుకమ్మ వీడియోల మధ్యల ఇంకో షాట్ పెట్టాలె, దానికోసం వెనకున్నయన్నీ మౌస్‌తో గీసి జరుపుతుంటే కొన్ని వదిలిపోతున్నయ్ అన్నవు కదా. టైమ్‌లైన్ (క్లిప్పులు వరుసగా పేర్చే పట్టీ) పొడుగున్నప్పుడు గట్లనే అయితది. పైన మూడో ట్రాక్‌ల, అంటే మూడో వరుసల ఉన్న చిన్న టైటిల్ కంటికే ఆనదు.

వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ ప్రోల కీబోర్డు మీద 'ఏ' నొక్కు. ట్రాక్ సెలెక్ట్ ఫార్వర్డ్ టూల్ వస్తది, పాయింటర్ జంట బాణాల లెక్క మారుతది. జరపాల్సిన మొదటి క్లిప్ మీద నొక్కితే అక్కడినుంచి కుడిదిక్కున్నయన్నీ, అన్ని ట్రాక్‌లల్ల, ఒక్కసారే సెలెక్ట్ అయితయ్. అట్లనే పట్టుకొని జరుపు. షిఫ్ట్ పట్టుకొని నొక్కితే ఒక్క ట్రాకే వస్తది, బాణం కూడా ఒక్కటే కనిపిస్తది. ఎడమదిక్కున్నయి కావాలంటే షిఫ్ట్, ఏ కలిపి నొక్కు.

కానీ ముందుగాల ఉయ్యాల పాట ఉన్న ఆడియో ట్రాక్‌కు తాళం గుర్తు నొక్కు. లేకుంటే పాట కూడా జరిగే ప్రమాదం ఉంది. నేనొకసారి మరిచిపోయిన, చప్పట్లు ఒక దిక్కు, పాట ఒక దిక్కు. రాత్రంతా దానికే సరిపోయింది.

ఇప్పటికే చెదిరిన క్లిప్పుల మీద ఎర్ర అంకెలు కనిపిస్తున్నయా? బొమ్మ, శబ్దం ఎంత తప్పినయో అవి చెప్తయ్. అంకె మీద రైట్ క్లిక్ కొట్టి 'మూవ్ ఇంటు సింక్' ఇయ్యి. పని కాంగనే 'వి' నొక్కి మామూలు టూల్‌కు రా.