ఎర్రగీతకు జడిసి మాటను విరిచేస్తే

ప్రశ్న: ఓస్లోలో ఉద్యోగం చేస్తున్నాను. నార్వేజియన్‌లో పొడవైన సమాసాలు రాస్తే కంప్యూటర్ ఎర్రగీత గీస్తోంది. మధ్యలో ఖాళీ ఇస్తే గీత పోతోంది, ఆఫీసులో మాత్రం తప్పంటున్నారు. పదాలను విడగొట్టి చూపే ఉచిత వెబ్‌సైటు వాడవచ్చా?

జవాబు: గీత పోయింది గానీ తప్పు పోలేదు. రెండు ముక్కలూ విడివిడిగా నిఘంటువులో ఉన్నాయి కాబట్టి యంత్రం ఊరుకుంది, అంతే. 'లమ్మెలోర్' అని కలిపి రాస్తే గొర్రెపిల్ల తొడ మాంసం. 'లమ్మె లోర్' అంటే చచ్చుబడిన తొడలు! ఇలా విడగొట్టడానికి నార్వేవాళ్లు 'సేర్‌స్క్రీవింగ్' అని పేరే పెట్టుకున్నారు.

పైకి చదివి చూడండి. సమాసంలో ప్రధానమైన ఊనిక సాధారణంగా మొదటి ముక్క మీద పడుతుంది, రెండో ముక్క మీద కాస్త తక్కువ. రెండింటినీ సమానంగా ఒత్తి పలికితే వినేవారికి రెండు మాటలుగానే వినిపిస్తాయి. నార్వేజియన్‌కు రాతరూపాలు రెండు: బూక్మోల్, నీనోష్క్. కీబోర్డు భాష వాటిలో ఏదో సరిచూసుకోమని వేరే చెప్పను.

పంక్తి చివర విరుపు ఇంకో తంటా. 'నాట్' అంటే రాత్రి, చివర రెండు 'ట'లు. 'టోగ్' అంటే రైలు. కలిపితే మూడు 'ట'లు రావాలి, రాసేది రెండే. పంక్తి చివర విరిస్తే మాత్రం మూడోది తిరిగి రావాలి. ఇంత చిన్న నియమాన్ని పట్టించుకోకుండా హైఫన్ ఒక్కటి దూర్చి చేతులు దులుపుకొనే ప్రోగ్రాములకు, ఏటా కొత్త రంగుల అప్‌డేట్లు మాత్రం తప్పవు. ఖాళీకీ ఖాళీకీ మధ్య ఉన్నదే మాట అనుకునేవాళ్లు చేసిన సరకు ఇది. తెలుగులో 'వచ్చాడనుకున్నాను' అని రాసి ఎర్రగీత తిన్నవారికి ఈ బాధ కొత్త కాదు.

ఇక ఆ ఉచిత వెబ్‌సైటు. ససేమిరా వద్దు. ఉద్యోగులు ఒక ఉచిత అనువాద సైటులో అతికించిన కాగితాలు ఇంటర్నెట్‌లో వెతికితే దొరుకుతున్నాయని 2017లో నార్వే ప్రసార సంస్థ ఎన్‌ఆర్‌కే బయటపెట్టింది. అందులో ఉద్యోగం నుంచి తొలగించే నోటీసులు, ఒప్పందాలు, పాస్‌వర్డులు కూడా ఉన్నాయి. హ్యాకర్ అవసరమే రాలేదు. 'నేనిచ్చేది ఒక్క పదమే కదా' అంటారు. మొదటిరోజు పదమే. వారం తిరిగేసరికి పేరా, నెలాఖరుకు మొత్తం ఒప్పందం. ఆ సైటు దాన్ని ఎక్కడ దాచుకుంటుందో, ఎప్పుడు చెరిపేస్తుందో మీరు చదివారా?

ఆఫీసు ఇచ్చిన ప్రోగ్రాములోనే నార్వేజియన్ నిఘంటువు వేయించుకోండి. మీ పనిలో తరచూ వచ్చే సమాసాలను అందులో మీరే చేర్చుకోండి. చేర్చేముందు పక్కసీటు నార్వే మనిషికి ఒకసారి చూపించండి. తప్పుగా చేర్చారంటే ఇక దాని కింద ఎర్రగీత కూడా రాదు.