విన్‌స్టన్ స్మిత్ అర్థం కావాలంటే ముందు అతని ఉద్యోగం చూడండి

జార్జ్ ఆర్వెల్ నవల '1984' (1949)లో విన్‌స్టన్ స్మిత్‌కు దేశాన్ని ఏలే పార్టీ మీద నమ్మకం పోయింది కదా, అతన్ని వీరుడనాలా, పిరికివాడనాలా అని మీ అసైన్‌మెంట్ కోసం అడిగారు. నా మటుకు ఆ రెండు మాటలూ పక్కన పెట్టి, అతను రోజూ ఏ పనికి వెళ్తాడో చూడమంటాను. మొదటి భాగం, నాలుగో అధ్యాయం.

సత్య మంత్రిత్వ శాఖలో, రికార్డుల విభాగంలో పాత పత్రికల అంకెలు దిద్దడం అతని పని. ఒక మూడు నెలల్లో 14.5 కోట్ల జతల బూట్లు తయారవుతాయని సర్కారు ముందే చెప్పింది. చివరికి చూపించింది 6.2 కోట్లు. విన్‌స్టన్ పాత అంచనానే 5.7 కోట్లకు తగ్గిస్తాడు, టార్గెట్ దాటేసినట్టే! అసలు ఒక్క జతైనా తయారైందో లేదో, జనంలో సగం మంది ఉత్త కాళ్లతో తిరుగుతున్నారేమో అని లోపల అనుకుంటూనే.

బెంగళూరులో, మారతహళ్లి పీజీలో ఉంటూ నేనూ ఒక కంపెనీలో రిపోర్టులు చేసేవాణ్ణి. నెల టార్గెట్ అందకపోతే పాత స్లైడ్‌లో టార్గెట్‌నే తగ్గించమనేవారు. ఆ రోజుల్లోనే ఈ నవల చదివాను. బూట్ల లెక్క దగ్గర చాలాసేపు ఆగిపోయాను. అబద్ధం వినేవాళ్లకు అనుమానం రావచ్చు, రాకపోవచ్చు. తన చేత్తో తయారుచేసేవాడికి ఇక నమ్మే వీలెక్కడిది?

అదే అధ్యాయంలో చాలామంది దాటేసే మాట ఇంకొకటుంది. అతని జీవితంలో పెద్ద సంతోషం ఆ పనే. ఒగిల్వీ అనే లేని సైనికుణ్ణి కల్పించి, వీరమరణం రాసి మురిసిపోతాడు. పార్టీ అంటే అసహ్యం, పార్టీ ఇచ్చిన పనంటే ఇష్టం. మీ అసైన్‌మెంట్ ఈ ముడి చుట్టూ రాయండి. మా టీమ్‌లోనూ స్లైడ్ నీట్‌గా కుదిరితే అందరికీ తృప్తిగానే ఉండేది.

డైరీలో ఏప్రిల్ 4, 1984 అని రాస్తాడు కానీ, అది 1984 అవునో కాదో అతనికే తెలియదు. అతనిలాంటి వాళ్లు రికార్డులన్నీ దిద్దేశాక తేదీ సరిచూసుకోవడానికి ఏం మిగులుతుంది?

రెండో భాగంలో, పార్టీ మీద పోయిన నమ్మకాన్నంతా తెచ్చి ఓబ్రయన్ అనే పార్టీ పెద్ద మీద పెడతాడు, అతనూ రహస్యంగా పార్టీకి వ్యతిరేకే అనుకుని. అవసరమైతే పసిబిడ్డ ముఖం మీద యాసిడ్ పోస్తావా అని ఓబ్రయన్ అడిగితే పోస్తానంటాడు. ఇది వదిలేసి అతన్ని ఉత్త బాధితుడిగా రాస్తే విశ్లేషణ నిలబడదు. మూడో భాగంలో, ఓబ్రయన్ పార్టీ మనిషేనని తేలాక, అతని చెరలో ఉండి కూడా మీకన్నా నేను మేలైనవాణ్ణని అంటాడు విన్‌స్టన్. ఓబ్రయన్ వాదించడు. యాసిడ్ పోస్తానన్న రోజు రికార్డు చేసిన ఆ మాటలే వినిపిస్తాడు.