నాన్న చదివిన కాలేజీకి ఎర్లీ డిసిషన్: సంతకానికి ముందు వేయవలసిన లెక్క

ప్రశ్న: మేము న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాం. అందరికీ అమెరికా పౌరసత్వం ఉంది. నేను 2001లో ఇక్కడి ఒక పేరున్న ప్రైవేట్ యూనివర్సిటీలో ఎంఎస్ పూర్తి చేశాను. పన్నెండో తరగతి చదువుతున్న మా అమ్మాయి చేత అక్కడికే ఎర్లీ డిసిషన్‌లో (సీటు వస్తే తప్పక చేరతామన్న ఒప్పందంతో ముందుగా) దరఖాస్తు చేయిస్తే, లెగసీ కింద, అంటే పూర్వ విద్యార్థుల పిల్లలకు ఇచ్చే మొగ్గు వల్ల, సీటు సులువవుతుందని మిత్రులు అంటున్నారు. మా ఇద్దరి జీతాలు ఏడాదికి 2,40,000 డాలర్లు. కాలేజీ చదువు కోసం పొదుపు చేసే 529 ఖాతాలో 1,10,000 ఉంది, నెలకు మరో 3,000 పక్కన పెట్టగలం. అబ్బాయి తొమ్మిదో తరగతి. ఏం చేయమంటారు?

జవాబు: ఇప్పుడు మీరు చెప్పిన అంకెలతోనైతే ఎర్లీ డిసిషన్ వద్దనే నా సలహా.

ముందుగా మీ ఎంఎస్ లెగసీ కిందకు వస్తుందో లేదో తేల్చుకోండి. మన తెలుగువాళ్లలో చాలామంది బీటెక్ ఇండియాలోనే ముగించుకుని ఎంఎస్ కోసం వచ్చినవారే కాబట్టి, ఈ ప్రశ్న మనకు మరీ ముఖ్యం. హార్వర్డ్ వంటి చోట అండర్‌గ్రాడ్యుయేట్ కాలేజీలో చదివినవారి పిల్లలనే లెగసీగా లెక్కిస్తారు. ఎంఐటీ లెగసీని అసలు చూడదు, ఆమ్‌హర్స్ట్ 2021లో మానేసింది, కాలిఫోర్నియా ప్రైవేట్ కాలేజీలలో కూడా దీన్ని నిషేధించే చట్టం 2025 సెప్టెంబరులో అమలులోకి వచ్చింది. మీ యూనివర్సిటీ ప్రచురించే కామన్ డేటా సెట్ అనే వివరాల నివేదికలో సి7 పట్టిక చూస్తే, పూర్వ విద్యార్థుల బంధుత్వానికి అక్కడ ఎంత విలువ ఇస్తారో తెలుస్తుంది. ఎంఎస్ సంగతి మాత్రం అడ్మిషన్స్ ఆఫీసుకే రాసి అడగండి.

అసలు భారం ఒప్పందంలో ఉంది. ఎర్లీ డిసిషన్‌లో అమ్మాయి, మీరు, స్కూలు కౌన్సెలర్ ముగ్గురూ సంతకం చేస్తారు, డిసెంబరులో సీటు వస్తే మిగతా దరఖాస్తులన్నీ వెనక్కి తీసుకోవాలి. అంటే వేరే కాలేజీలు ఎంత తగ్గిస్తాయో చూసే అవకాశాన్ని ముందే వదులుకుంటున్నారు. ఆర్థిక సహాయం చాలకపోతే ఒప్పందం నుంచి విడుదల కోరవచ్చన్నది నిజమే, కాని సహాయం పోగా మీకు పడే ఖర్చును అంచనా వేసే, కాలేజీ సైట్‌లోని నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ ముందే చూపిన మొత్తమే చివరికి వస్తే ఆ వాదన నిలవదు.

ఇక లెక్క. ఇలాంటి కాలేజీలో ఏటా 92,000 డాలర్లనుకుని, ఏడాదికి 4 శాతం పెరుగుదల కలిపితే నాలుగేళ్లకు దాదాపు 3,90,000 అవుతుంది. మీ 529 సొమ్ము, 48 నెలల పొదుపు కలిస్తే 2,54,000. అమ్మాయి పేరున నాలుగేళ్లలో దొరికే ఫెడరల్ రుణం 27,000. ఇంకా 1,09,000 తక్కువ. తల్లిదండ్రులు తీసుకునే పేరెంట్ ప్లస్ రుణానికి, 2026 జూలై 1 నుంచి కొత్తగా అప్పు చేసేవారికి, ఒక విద్యార్థిపై మొత్తం 65,000 పరిమితి వచ్చింది. అది పూర్తిగా తీసుకున్నా 44,000 లోటే. దాన్ని మీ రిటైర్మెంట్ పొదుపైన 401కె నుంచి తీయడానికి నేను ఒప్పుకోను. పైగా అమ్మాయి నాలుగో ఏట అడుగుపెట్టేనాటికి అబ్బాయి మొదటి ఏట చేరతాడు. ఇద్దరు ఒకేసారి చదువుతున్నారని ఫెడరల్ ఆర్థిక సహాయానికి నింపే ఫాఫ్సా దరఖాస్తులో ఇదివరకు దొరికిన తగ్గింపు 2024-25 నుంచి లేదు.

ఈ లెక్కలో ఆర్థిక సహాయాన్ని కలపలేదు. అది ఎంతో తెలుసుకోవడానికి కాలిక్యులేటర్‌ను నిజాయితీగా నింపాలి. మీ ఉత్తరంలో ఇండియా ఆస్తుల ఊసు లేదు. గుంటూరు వైపు పొలమున్నా, హైదరాబాదు శివారులో ప్లాటున్నా ఫాఫ్సాలోనూ, కాలేజీలు తమ సొంత సహాయాన్ని లెక్కించడానికి అడిగే సీఎస్ఎస్ ప్రొఫైల్‌లోనూ చూపాలి. ఎడిసన్ ఇంటి విలువలో అప్పు పోగా మిగిలేదాన్ని ఫాఫ్సా అడగదు, సీఎస్ఎస్ వాడే కాలేజీలు చాలావరకు లెక్కిస్తాయి. ఊళ్లోని పొలం అమ్మే ఉద్దేశం మీకు లేకపోయినా, కాగితం మీద అది మీ స్తోమతను పెంచుతుంది. ఈ సంగతి ఏప్రిల్‌లో తెలిసి కంగారుపడిన కుటుంబాలను చూశాను కనుకనే ఇంత గట్టిగా చెబుతున్నాను.

కాలిక్యులేటర్ చూపే నికర ఖర్చు నాలుగేళ్లకు కలిపి 2,80,000 (దాదాపు మీ పొదుపు, అమ్మాయి రుణం కలిపినంత) లోపు ఉండి, మార్కులు, రాసిన వ్యాసాలు అక్కడ చేరేవారి స్థాయిలో ఉంటే, అప్పుడు సంతకం గురించి ఆలోచించవచ్చు. లెగసీ అన్నది, చదువులో అర్హత ఉన్నవారికి కొంత మొగ్గు ఇస్తుంది, లేని అర్హతను తెచ్చిపెట్టదు. ఖర్చు ఆ 2,80,000 దాటితే నవంబరు 1 లోపు మన న్యూజెర్సీ ప్రభుత్వ యూనివర్సిటీ రట్గర్స్‌కు ఎర్లీ యాక్షన్‌లో దరఖాస్తు చేయించండి, దానికి కట్టుబడవలసిన పని లేదు. మీ యూనివర్సిటీకి జనవరిలో రెగ్యులర్‌గా పంపండి. మార్చి నెలాఖరుకు ఉత్తరాలన్నీ వచ్చాక, మే 1 వరకు అమ్మాయితో కూర్చుని పోల్చి చూసుకునే వ్యవధి ఉంటుంది.