మిర్చి కారం యూనిట్: రైతుకు మేలు జరిగేది కాంటా దగ్గరే

పరకాల వైపు రైతుల దగ్గర ఎండు మిర్చి కొని, మహిళా సంఘాలతో కారం పట్టించి అమ్మితే రైతుకు మేలూ మీకు లాభమూ రెండూ వస్తాయా, లాభంలో ఎంత శాతం ఊరికి ఖర్చు పెట్టాలి అని అడిగారు.

శాతం సంగతి పక్కన పెట్టండి. రైతు నష్టపోయేది తేమ, తాలు (రంగు పోయి పాడైన కాయ) పేరు చెప్పి బస్తాకు ఇంతని తరుగు కోసినప్పుడు, డబ్బు వారాల తరబడి ఆపినప్పుడు. ఈ రెండూ సరిగ్గా ఉంటే వరంగల్ ఎనుమాముల మార్కెట్ ధర మీద రూపాయి ఎక్కువ ఇవ్వకపోయినా కాయ మీ దగ్గరికే వస్తుంది.

తేమకు గుండుగుత్త తరుగు వద్దు. మీటరు పెట్టి రైతు ముందే చూపించండి. 10 శాతం తేమను కొలతగా పెట్టుకుంటే, 14 శాతంతో వచ్చిన క్వింటాల్ కాయ ఆరాక 95.5 కిలోలు అవుతుంది (నీరు పోను మిగిలే 86ను 0.9తో భాగించండి). అంటే తరుగు నాలుగున్నర కిలోలే, అంతకు మించితే రైతు సొమ్ము తిన్నట్టే. 14 దాటితే ఆరబెట్టుకుని రమ్మనండి. కాయ విరగకుండా, తూకం కూడా కలిసొస్తుందని బస్తాలు నింపే ముందు నీళ్లు చల్లేవాళ్లుంటారు. పైకి పొడిగానే కనిపిస్తుంది, నడుమ బూజు పడుతుంది, అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం అక్కడే పుడుతుంది. మన దగ్గర పరిమితి కిలోకు 30 మైక్రోగ్రాములు, యూరప్‌లో 10. తర్వాత ఎంత ఎండబెట్టినా ఆ విషం పోదు. బస్తా నడుమ నుంచి నాలుగు కాయలు తీసి విరవండి. గింజల చుట్టూ బూడిద రంగు కనిపిస్తే ఆ బస్తా తీసుకోవద్దు. టార్పాలిన్ మీద ఆరబోసి, రాత్రి మంచు పడకముందే కుప్ప చేసి కప్పే రైతుకు కిలోకు ఒకటి రెండు రూపాయలు ఎక్కువివ్వండి, తాలు తగ్గి మీకే తిరిగొస్తుంది.

ఇక పెట్టుబడి. చాలామంది మర పట్టే మిషన్ ఖర్చు లెక్కేసుకుని ఆగిపోతారు, అసలు డబ్బు కాయలో ఇరుక్కుంటుంది. నెలకు 500 కిలోల కారం అమ్మాలంటే ఏడాదికి 6 టన్నులు. తొడిమ, తాలు, మర నష్టం పోను 85 శాతం కారం చేతికొస్తుందనుకుంటే దాదాపు 70 క్వింటాళ్ల కాయ కావాలి. క్వింటాల్ 15 వేలు అనుకుంటే పదిన్నర లక్షలు, అదీ జనవరి నుంచి ఏప్రిల్ లోపే. (85 శాతాన్ని నమ్మకండి, మీ కాయ 10 కిలోలు తొడిమ తీసి, పట్టించి తూచుకోండి.) బయట ఉంచితే రంగు పోతుంది కాబట్టి కోల్డ్ స్టోరేజీ తప్పదు. ఆ రసీదు మీద బ్యాంకు అప్పు పుడుతుందేమో ముందే మాట్లాడుకోండి. యంత్రాలకు పీఎంఎఫ్‌ఎంఈ (చిన్న ఆహార తయారీ యూనిట్లకు కేంద్రం పెట్టిన) పథకం కింద 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల సబ్సిడీ ఉంది. ప్రస్తుతం దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో జిల్లా పరిశ్రమల కేంద్రంలో కనుక్కోండి. దాన్ని నమ్ముకుని మాత్రం కాయ కొనొద్దు.

ఇంకో చిక్కు. విత్తనం, మందులకు అడ్తిదారు (మార్కెట్లో పంట అమ్మిపెట్టే కమీషన్ వ్యాపారి) దగ్గర అప్పు తెచ్చుకున్న రైతు మీరు ఎంత మంచి ధర చెప్పినా రాడు, రాలేడు. పంట ముందే తాకట్టులో ఉంది. 1956లో మొదలైన ముల్కనూరు సహకార సంఘం నిలబడింది అప్పు, ఎరువులు, పంట కొనుగోలు ఒకే చోట పెట్టడం వల్లే. మీకు మొదటి ఏడాది అంత శక్తి ఉండదు, కాబట్టి అప్పు లేని ఇరవై ముప్పై మందితో మొదలుపెట్టండి. రైతులకే వాటా ఇవ్వాలనుకుంటే 10 మంది ఉత్పత్తిదారులతో ప్రొడ్యూసర్ కంపెనీ పెట్టొచ్చు. అందులో బోనస్ ఎవరు ఎంత సరుకు పోస్తే అంత లెక్కన పంచొచ్చు.

తొడిమలు తీసే ఆడవాళ్లకు కిలో లెక్కన కూలి కడితే, ముందు అయిదారుగురితో ఒక రోజు తీయించి సగటు చూడండి. సగటు మనిషికి ఊళ్లో నడిచే రోజు కూలి పడేలా రేటు కట్టాలి. అందరికంటే చురుకైన మనిషిని చూసి కడితే మిగతావాళ్లకు సగం కూలే పడుతుంది, వారంలో మానేస్తారు. గ్లౌజులు, మాస్కులు మీరే ఇవ్వాలి.

పట్టేటప్పుడు మర వేడెక్కితే రంగు నల్లబడుతుంది. పొద్దున్నే పట్టి, పలచగా ఆరబోసి, పూర్తిగా చల్లారాకే ప్యాక్ చేయండి. లేకపోతే లోపల చెమ్మ పట్టి గడ్డ కడుతుంది. తేజ రకం మిర్చి ఒక్కటే పడితే కారం మండుతుంది, చపాట రకం కలిపితే రంగొస్తుంది. వరంగల్ చపాటకు 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ప్యాకెట్ మీద ఆ గుర్తింపు వేసుకోవాలంటే అధీకృత వినియోగదారుగా నమోదు కావాలి.

అమ్మకం కిరాణా కొట్లతో మొదలుపెట్టకండి. నెలన్నర ఉద్దెర అడుగుతారు, పోని ప్యాకెట్లు వాపసిస్తారు. హన్మకొండలో హాస్టళ్లు, మెస్సులు చాలా ఉన్నాయి. వాళ్లడిగేది పెద్ద సంచులు. కిలో మీద మిగిలేది తక్కువే, కానీ సరుకు దించగానే డబ్బులిస్తామన్న వాళ్లకే పోయండి, రైతుకు అదే రోజు కట్టాల్సిన డబ్బు అక్కడి నుంచే తిరగాలి.