గుర్రపుడెక్క తీయడానికి నాలుగు సంఘాలు, మధ్యలో ఒక ఫ్లెక్సీ

ఏవండీ, మీ ఊళ్ళో నీటి సంఘం, డ్వాక్రా వాళ్ళు, యూత్ కుర్రాళ్ళు, పంచాయతీ అందరూ మురుగుకాలవలో గుర్రపుడెక్క తీద్దామనే అంటున్నారు గానీ మీటింగ్ పెడితే ఫ్లెక్సీ మీద ఎవరి పేరు పైన అన్న దగ్గరే ఆగిపోతుందన్నారు కదా, మా అమలాపురం వైపు మాకూ అచ్చం ఇదే అయ్యిందండి. మొదటేడు ఎవరికి వాళ్ళం తీశాం, ఎగువోళ్ళు డెక్కని కిందకి తోసేస్తే అదొచ్చి మా తూముకి చాపలా అడ్డం పడింది, మిగిలిన పిలకలు రెండు మూడు వారాలకే రెట్టింపు, డబ్బులు నీళ్ళపాలు.

రెండో ఏడు ఊరి లెక్క వదిలేసి కాలవ లెక్క పెట్టుకున్నాం. 1997 నీటి సంఘాల చట్టంలో తెలివి కూడా అదే, హద్దు ఊరు కాదు ఆయకట్టు, పైన కొన్ని సంఘాలకి కలిపి డిస్ట్రిబ్యూటరీ కమిటీ, ఆపైన ప్రాజెక్టు కమిటీ. మేమూ ఆ కాలవ మీదున్న ఊళ్ళన్నిట్లో సంఘానికొకర్ని కూర్చోబెట్టాం, ప్రెసిడెంటు గిసిడెంటు లేడు. పని కాలవ దిగువ చివర నుంచి ఎగువకి. పొక్లెయిన్ కిరాయి రైతులు ఎకరం లెక్కన, డీజిల్ పంచాయతీ, డెక్కని గట్టు అవతలికి లాగడం కుర్రాళ్ళు (అంచున వదిలేస్తే మొదటి వానకే మళ్ళీ కాలవలో ఉంటది), లెక్కల పుస్తకం డ్వాక్రా వాళ్ళ దగ్గర, పైసా తేడా రానివ్వరు, ఆయ్. డ్రైనేజీ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారికి మాత్రం ముందే అర్జీ ఇచ్చేయండి, లేకపోతే సగంలో ఆపించేస్తారు.

ఫ్లెక్సీ అంటారా, మేం వేయలేదండి, శనివారం శనివారం ఆ లెక్కల కాగితమే రామాలయం గోడకి అంటించాం.