గురుడి చందమామలు చూడటానికి బైనాక్యులర్స్ సరిపోతాయా, టెలిస్కోప్ కొనాలా?

పదేళ్ళ పాపకు గురుడినీ శనినీ వాటి చందమామల్నీ చూపించాలి, ఇంట్లో ఉన్న 10×50 (పది రెట్లు పెద్దగా చూపించే, 50 మిల్లీమీటర్ల లెన్సులున్న) బైనాక్యులర్స్ చాలా, టెలిస్కోప్ కొనాల్సిందేనా అని అడిగారు. గురుడి చందమామలకు బైనాక్యులర్స్ చాలండీ. శని వలయాలకు మాత్రం చిన్నదైనా సరే టెలిస్కోప్ కావాలి. కానీ అది కొనేముందు ఒక నెల రోజులు గురుడితోనే గడపండి. ఎందుకో చెప్తాను.

నేను ముందు టెలిస్కోపే కొన్నాను. వందల రెట్లు పెద్దగా చూపిస్తుందని పెట్టె మీద రాసి ఉంది. స్టాండు ఎంత బలహీనమంటే, ముట్టుకుంటే చాలు బొమ్మ ఊగిపోయేది. ఎక్కువ రెట్ల ఐపీస్ (కన్ను ఆనించి చూసే లెన్స్) పెడితే గురుడు మసక ముద్దలా కనిపించేవాడు. అంతరిక్ష నౌకలు తీసిన రంగుల ఫొటోలు కళ్ళలో మెదులుతుండటంతో ఇంకా నిరాశ కలిగింది. కొన్నాళ్ళకు దాన్ని మూలన పెట్టేశాను. తర్వాత ఒక రాత్రి బైనాక్యులర్స్‌ను గోడకు ఆనించి, చేతులు కదలకుండా పట్టుకుని చూస్తే, గురుడి పక్కన ఒకే వరుసలో మూడు చుక్కలు. మర్నాడు చూస్తే నాలుగు. వరుస అదే, అమరిక మాత్రం పూర్తిగా మారిపోయింది. నన్ను పట్టేసింది మొదటి రాత్రి కాదు, ఆ రెండో రాత్రి.

1610 జనవరి 7న గెలీలియో కూడా మొదట మూడు చుక్కలే చూశాడు. నాలుగోది 13వ తేదీకి గానీ కంటబడలేదు. మొదట వాటిని మామూలు నక్షత్రాలే అనుకున్నాడు. రోజూ చూసి గీసుకోబట్టే అవి గురుడి చుట్టూ తిరుగుతున్నాయని తేలింది. మీరూ పాప చేతికి ఒక నోటుబుక్కు ఇవ్వండి. పేజీ మధ్యలో చిన్న గుండ్రం, అటూ ఇటూ కనిపించినన్ని చుక్కలు, పక్కన తేదీ, టైము. అంతే. ఏది అయో, ఏది యూరోపా అని మొదట్లో అడగొద్దు. ఫోన్లో యాప్ తెరిస్తే పేర్లు వెంటనే చెప్పేస్తుంది, కానీ నేను మూడు వారాల పాటు తెరవలేదు. అలా ఆగడం వల్లే చాలా నేర్చుకున్నాను.

ఎలాగంటే, రోజూ ఒకే టైముకి గీస్తూ పోతే కొన్ని సంగతులు వాటంతట అవే బయటపడతాయి. గురుడికి అతి దగ్గరగా తిరిగే చుక్క ఇవాళ ఒక పక్కన ఉంటే రేపు దాదాపు రెండో పక్కకు వెళ్ళిపోతుంది. అది అయో, 42 గంటల 28 నిమిషాలకు ఒక చుట్టు. అన్నిటికన్నా కాంతివంతమైన చుక్క శనివారం రాత్రి ఎక్కడుందో మళ్ళీ శనివారానికి ఇంచుమించు అక్కడే ఉంటుంది. అది గానిమీడ్, వారం కంటే కాస్త ఎక్కువ, 7.15 రోజులు. 5,268 కిలోమీటర్ల వ్యాసంతో బుధగ్రహం కన్నా పెద్దది. బాగా దూరంగా ఒంటరిగా కనిపించేది చాలాసార్లు కలిస్టో అయి ఉంటుంది. దానికి దాదాపు 17 రోజులు. చుక్కలు తక్కువైతే కంగారు పడకండి, ఏదో ఒకటి గురుడి వెనకో ముందో ఉంటుంది, లేదా మరీ దగ్గరకొచ్చి ఆ వెలుగులో కలిసిపోయి ఉంటుంది.

నా బుక్కులో లెక్క కట్టుకున్నప్పుడు ఒక విషయం నన్ను ఆపేసింది. గానిమీడ్ ఒక చుట్టు తిరిగేలోపు యూరోపా రెండు, అయో నాలుగు తిరుగుతున్నాయి. నేను గీయడంలో ఏదో పొరపాటేమో అనుకున్నాను. తర్వాత చదివితే అది నిజమే. ఈ లెక్క వల్ల అవి పదే పదే ఒకే చోట ఎదురుపడి ఒకదాన్నొకటి లాగుతుంటాయి. దాంతో అయో కక్ష్య పూర్తి గుండ్రంగా మారలేదు. గురుడికి కాసేపు దగ్గరగా, కాసేపు దూరంగా జరుగుతూ ఉండటంతో గురుడి లాగుడు దాన్ని నొక్కి వదులుతూ ఉంటుంది. ఆ రాపిడి వేడికే దాని లోపల రాళ్ళు కరుగుతున్నాయి. ఇలా ఉంటుందని 1979 మార్చిలో ముగ్గురు శాస్త్రవేత్తలు లెక్కగట్టి ప్రచురించారు. సరిగ్గా అదే నెలలో వాయేజర్ 1 నౌక పంపిన ఫొటోలో అయో అంచున లేచిన అగ్నిపర్వతపు ధారను నాసా ఇంజనీర్ లిండా మొరాబిటో గుర్తుపట్టారు. యూరోపా మంచు కింద సముద్రం గడ్డకట్టకుండా ఉందని నమ్మడానికీ ఈ నొక్కుడు వేడే ముఖ్య కారణం. దాన్ని దగ్గర్నుంచి చూడటానికి 2024 అక్టోబర్‌లో బయల్దేరిన యూరోపా క్లిప్పర్ నౌక 2030లో చేరాలి. గానిమీడ్ కోసం 2023లో వెళ్ళిన జ్యూస్ నౌక 2031లో. అప్పటికి మీ పాప టీనేజ్‌లో ఉంటుంది. తను గీసిన చుక్కల దగ్గరికే అవి వెళ్తున్నాయని తెలిస్తే ఆ వార్తలు వేరేగా చదువుతుంది.

ఇక టెలిస్కోప్. కొనాలనిపిస్తే 70 మిల్లీమీటర్ల లెన్స్ ఉన్నదైనా చాలు, గట్టి స్టాండు ముఖ్యం. 30 రెట్లకే శని వలయం విడిగా తెలుస్తుంది, బైనాక్యులర్స్‌లో మాత్రం కోలగా కనిపిస్తాడంతే. 2025లో ఆ వలయాలు మనవైపు అంచు తిప్పడంతో నాకు గ్రహానికి గుచ్చిన సూదిలా కనిపించాయి. ఇక ఏటికేడు విప్పుకుంటాయి, 2030ల మొదట్లో బాగా తెరుచుకుని ఉంటాయి. పక్కన ఉండే మసక చుక్క టైటాన్‌ను కూడా గీయించండి. 16 రోజులకు ఒక చుట్టు. దాని గాలి మన గాలి కన్నా దట్టం. 2005 జనవరి 14న హైగెన్స్ అనే చిన్న నౌక ఆ గాలిలో పారాచూట్ మీద దిగింది.

టెలిస్కోప్‌లో నేను చూసినవాటిలో మరిచిపోలేనిది మాత్రం అయో గ్రహణమే. గురుడి పక్కన ఏమీ లేని నల్లటి చోట ఒక చుక్క సన్నగా మొదలై కొన్ని నిమిషాల్లో పూర్తిగా వెలిగింది. గురుడి నీడలోంచి అయో బయటికి వస్తోందన్నమాట. అప్పుడు నేను ఊపిరి తీసుకోవడం కూడా మర్చిపోయాను. భూమి గురుడి నుంచి దూరం జరిగే నెలల్లో ఈ గ్రహణాలు లెక్క కన్నా ఆలస్యంగా కనిపిస్తున్నాయని గమనించే, వెలుగు ప్రయాణానికి టైము పడుతుందని 1676లో డెన్మార్క్ ఖగోళ శాస్త్రవేత్త రోమర్ చెప్పాడు. గ్రహణాల టైములు ఖగోళ యాప్‌లలో దొరుకుతాయి. పాపను ఐదు నిమిషాల ముందే ఐపీస్ దగ్గర కూర్చోబెట్టండి.

యురేనస్ చీకటి ఆకాశంలో బైనాక్యులర్స్‌కు సులువుగానే అందుతుంది, కానీ మ్యాప్ లేకుండా పోల్చుకోలేం. 2025 చివర్లో కృత్తికలకు కాస్త దక్షిణంగా ఉంది. నేను అక్కడి చుక్కలన్నీ గీసుకుని, కొన్ని వారాల తర్వాత ఏది జరిగిందో చూసి పట్టుకున్నాను. పిల్లలకు దీనికి ఓపిక ఉండకపోవచ్చు, ఇప్పుడే బలవంతం చేయొద్దు.

గురుడిని గీసేటప్పుడు మాత్రం దగ్గర్లో కనిపించే మామూలు నక్షత్రాలను కూడా వదలకుండా పెట్టమనండి. 1612 డిసెంబర్‌లో గెలీలియో గురుడి పక్కన ఒక నక్షత్రాన్ని గుర్తుపెట్టుకున్నాడు. అది నెప్ట్యూన్. గ్రహమని లోకానికి తెలిసింది 1846లో. ఆ చుక్క మాత్రం అప్పటికే దాదాపు 234 ఏళ్ళుగా ఆయన కాగితాల్లో ఉంది.